ఆల్ప్స్ కొండలలో రాత్రి బస

పర్వతమును దూరమునుండి చూచి సంతసించుట ఒకటి. దాని ఒడిలో నాలుగు రాత్రులు గడపుట మఱియొకటి. మొదటిదానికి కన్నులు చాలును. రెండవదానికి కాళ్లలో బలము కావలెను. దానితోపాటు, ప్రొద్దు గ్రుంకునప్పటికి తల దాచుకొనుటకు ఒక చోటును కావలెను. మన దేశమున యాత్రికుల కొఱకు బాటల వెంట సత్రములు, చావళ్లు వెలసినట్లే, ఐరోపా ఖండమందలి ఆల్ప్స్ పర్వతములలో కాలినడకను పోవువారి కొఱకు కుటీరములు వెలసినవి. ఇవి హోటళ్లు కావు. ఉచితముగా అన్నము పెట్టు ధర్మసత్రములును కావు. ఈ రెంటికిని నడుమనున్న ఒక చక్కని ఏర్పాటు. అది ఎట్లు పుట్టినది, అందు రాత్రి గడపు విధమెట్టిది, అతిథులు పాటింపవలసిన నియమములేవి, ఆ నియమములకు కారణములేవి అను విషయములను ఇచ్చట వివరింపదలచితిమి. నేడు చదువుల కొఱకును, ఉద్యోగముల కొఱకును జర్మనీ మొదలగు దేశములలో నివసించు తెలుగు యువతీయువకులు పెక్కురు కలరు. అట్టివారు సెలవు దినములలో ఈ కొండదారి పట్టినచో, ఇచ్చట వారి తలిదండ్రులకు "రాత్రివేళ ఎక్కడ పడుకొందురో!" అను దిగులు కలుగుట సహజము. ఆ దిగులును కొంత తీర్చుటయు మా ఉద్దేశములలో నొకటి.

ఆల్ప్స్ పర్వతశ్రేణి ఫ్రాన్సు దేశపు సముద్రతీరము మొదలుకొని స్లొవీనియా వరకు వింటిబద్ద వలె వంగి, సుమారు 1,200 కిలోమీటర్ల పొడవున వ్యాపించియున్నది. అంతటిని ఒక్క ప్రసంగమున చుట్టి రాజాలము. కావున ఒక్క లోయను ఎన్నుకొందము. ఆస్ట్రియా దేశమున టిరోల్ రాష్ట్రమునకు ఇన్స్‌బ్రుక్ రాజధాని. ఆ నగరమునకు నైరుతి దిక్కున ష్టూబాయ్ అను లోయ కలదు. నగరమునుండి ఆ లోయలోని ఫుల్ప్‌మెస్ గ్రామమువరకు 1904వ సంవత్సరమునుండి ఒక చిన్న రైలు నడచుచున్నది. ఫుల్ప్‌మెస్ కమ్మరిపనికి పేరు పొందిన ఊరు. కొండలెక్కువారు వాడు మంచుగొడ్డళ్లును, పాదరక్షలకు బిగించుకొను ఇనుప ముండ్లును ఇచ్చట తయారగును. దానికి పైన నోయ్‌ష్టిఫ్ట్ గ్రామము సముద్రమట్టమునకు ఇంచుమించు 1,000 మీటర్ల ఎత్తున నున్నది. లోయ చివర హిమానీనదములు, వానికి మీదుగా 3,500 మీటర్లు దాటిన ట్సుకర్‌హ్యూటల్ శిఖరము నిలిచియున్నవి. ఆ పేరునకు చక్కెర దిమ్మె అని అర్థము.

ఈ లోయను గుఱ్ఱపు నాడా వలె చుట్టి, కొండల నడుమ ఎత్తున సాగు కాలిబాట యొకటి కలదు. ఆ బాటపై ఎనిమిది కుటీరములున్నవి. అన్నియు 2,100 మీటర్లకును 2,450 మీటర్లకును నడుమనే యున్నవి. ఒకదానినుండి మఱియొకదానికి పోవుటకు మూడు గంటలు మొదలుకొని ఏడు గంటలవరకు పట్టును. ఉదయమున ఒక కుటీరమునుండి బయలుదేరి, ఒక కనుమ నెక్కి దిగి, సాయంకాలమునకు మఱియొక కుటీరమును చేరుటయే దినచర్య. వారము, ఎనిమిది దినములలో లోయను చుట్టి రావచ్చును. ఆ పర్యంతము గ్రామములోనికి దిగవలసిన పని లేదు; గుడారము మోయనక్కరలేదు; వంటపాత్రలతో పని లేదు.

జర్మను భాషలో ఈ బసను 'హ్యూటె' అందురు. గుడిసె అని అర్థము. పేరు గుడిసెయేగాని నేడు పెక్కింటికి రాతిగోడలు, చెక్క పలకల గదులు, రెండు మూడు అంతస్తులు, నూఱుమందికి పైగా పడుకొను వసతి కలవు. వీని పేర్లు విన్నవారికి ఒక సందేహము కలుగక మానదు. డ్రెస్డెన్ కుటీరము, న్యూరెంబర్గ్ కుటీరము, బ్రేమెన్ కుటీరము, రేగెన్స్‌బుర్గ్ కొత్త కుటీరము! ఇవన్నియు జర్మనీ దేశమందలి నగరముల పేర్లు. బ్రేమెన్ సముద్రమునకు చేరువనున్న పట్టణము. ఆ పేర్లు ఆస్ట్రియా కొండమీద ఎట్లు వెలసినవి? వీనిని కట్టించినది ప్రభుత్వము కాదు, వ్యాపార సంస్థయు కాదు. ఆయా నగరములలోని కొండప్రియులు సంఘములుగా ఏర్పడి, చందాలు వేసికొని, ఒక్కొక్క నగరశాఖ ఒక్కొక్క కుటీరమును కట్టించి, తన పేరు పెట్టుకొన్నది. మన ఊళ్లలో ఒక్కొక్క దాత సత్రమునకు తన పేరు పెట్టినట్లే యిదియు.

ఈ సంఘముల చరిత్రలో స్మరింపదగిన వ్యక్తి ఫ్రాంజ్ సెన్ అను క్రైస్తవ మతాచార్యుడు. ఆయన 1831లో పొరుగు లోయయైన యోట్స్‌టాల్‌లో జన్మించెను. 1860లో ఆ లోయ కొనయందలి ఫెంట్ అను పేద గ్రామమునకు మతాచార్యుడుగా వచ్చెను. అచ్చట నేల పంటలకు చాలదు, చలికాలము దీర్ఘము. పైనుండి వచ్చు యాత్రికులకు దారి చూపి, బస యిచ్చినచో గ్రామస్థులకు నాలుగు రూకలు లభించునని ఆయన గ్రహించెను. తన నివాసమునే యాత్రికుల విడిదిగా మార్చెను. సొంత ధనముతో బాటలు వేయించెను. గ్రామ యువకులను మార్గదర్శకులుగా తీర్చిదిద్దెను. ఈ పనులలో తాను అప్పులపాలయ్యెను.

1868వ సంవత్సరపు నవంబరులో సెన్ తన మార్గదర్శకుడైన సిప్రియన్ గ్రాన్‌బిఖ్లర్‌తో కలసి హోఖ్‌యోఖ్ కనుమమీదుగా ఇంటికి తిరిగి వచ్చుచుండగా మంచుతుఫాను చెలరేగెను. ఆ ప్రయాణమున గ్రాన్‌బిఖ్లర్ ప్రాణములు కోల్పోయెను. కొండలో ఆశ్రయమనునది సుఖము కొఱకు కాదు, ప్రాణము కొఱకని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు. ఆస్ట్రియాలో 1862లోనే పర్వత సంఘమొకటి ఏర్పడియుండెను. కాని అది వ్యాసములు వ్రాయుటయందు చూపిన శ్రద్ధ బాటలు వేయుటయందును, బసలు కట్టుటయందును చూపలేదని సెన్‌కును, ఆయన మిత్రులకును అసంతృప్తి కలిగెను. వారు పూనుకొనగా 1869లో మ్యూనిక్ నగరమున జర్మను పర్వత సంఘము స్థాపితమైనది. నాలుగేండ్లకు, అనగా 1873లో, రెండు సంఘములు ఒక్కటియైనవి. ష్టూబాయ్ కొండలలో మొట్టమొదటిదగు డ్రెస్డెన్ కుటీరము 1875లో వెలసినది. సెన్ తన చివరి సంవత్సరములను నోయ్‌ష్టిఫ్ట్ గ్రామమున గడపి 1884లో మరణించెను. మరుసటి యేడు ఆ లోయలో కట్టిన కుటీరమునకు ఆయన పేరే పెట్టిరి.

ఇక ఒక దినము ఈ బాటపై నడచి చూతము. డ్రెస్డెన్ కుటీరమునుండి ఉదయము ఏడు గంటలకు బయలుదేరితిమనుకొందము. దారి పక్కన పసుపుపచ్చని పలకలుండును. వానిమీద కిలోమీటర్లుండవు, గంటలుండును. కొండలో దూరముకంటె ఎత్తు ముఖ్యము గనుక ఇదియే సరియైన లెక్క. రాళ్లపై ఎఱుపు తెలుపు చారలు దారి తప్పకుండ మనలను నడిపించును. కొండబాటలకు వైద్యుని హెచ్చరిక వంటి గుర్తులు కూడ కలవు: ఎఱ్ఱని చుక్క యున్న బాట మధ్యమము, నల్లని చుక్క యున్నది కఠినము. నిటారుగా నున్న తావులలో పట్టుకొనుటకు ఉక్కు త్రాళ్లు బిగించియుందురు. పైల్‌యోఖ్ అను కనుమ ఎత్తు 2,672 మీటర్లు. అచ్చట బాటసారులు పేర్చిన రాళ్ల గుట్టలు లెక్కకు మిక్కిలిగా నిలిచియుండును. ఆ కనుమ దిగినచో మూడు నాలుగు గంటలలో సుల్ట్సెనావ్ కుటీరము వచ్చును. బలమున్నవారు ఒక చిన్న సరస్సును దాటి, నీడర్ల్ అను మఱియొక కనుమ నెక్కి, అదే దినమున న్యూరెంబర్గ్ కుటీరమును చేరవచ్చును. కాని వేసవిలో మధ్యాహ్నము తరువాత కొండలపై ఉఱుములు, మెఱుపులు హఠాత్తుగా వచ్చును. కనుమమీద నుండగా పిడుగులవాన పట్టుకొనుట మిక్కిలి అపాయము. కావుననే పెందలకడ బయలుదేరి, రెండు మూడు గంటలకే బస చేరవలెనని అనుభవజ్ఞులు చెప్పుదురు.

కుటీరము చేరగానే మొదటి పని పాదరక్షలు విడుచుట. ఈ ఆచారము తెలుగువారికి క్రొత్తది కాదు. బురద పాదరక్షలకు వేఱుగా ఒక గది యుండును. తడిసిన బట్టలు ఆరవేయుటకు వెచ్చని గది యొకటి యుండును. పిదప నిర్వాహకుని కలసికొని పేరు చెప్పవలెను. ఇటీవల వేసవిలో రద్దీ పెరిగినందున ముందుగానే చోటు కుదుర్చుకొనుట తప్పనిసరి యైనది. రాలేనిచో ఆ సంగతి ముందుగా తెలియజేయవలెను. తరువాత ఒక పెద్ద పుస్తకములో మన పేరు, ఊరు, ఎచ్చటనుండి వచ్చితిమి, రేపు ఎచ్చటకు పోవుదుము అను వివరములు వ్రాయవలెను. ఇది లాంఛనము కాదు. మరునాడు ఎవరైన చేరవలసిన చోటికి చేరనిచో, వెదకబోవువారికి ఈ పుస్తకమే మొదటి ఆధారము.

పడుకొనుటకు రెండు విధముల వసతి యుండును. ఇద్దఱికి, నలుగురికి సరిపడు చిన్న గదులు కొన్ని. పొడవైన చెక్క అరుగుమీద పరుపులు వరుసగా పరచిన పెద్ద గదులు కొన్ని. ఈ రెండవ దానిని 'లాగర్' అందురు. మన పెండ్లివారి విడిదింటిలో పక్కలు వరుసగా పరచినట్లుండును. దీనికి రుసుము తక్కువ. పర్వత సంఘ సభ్యులకు మఱింత తగ్గింపు కలదు. ఏ దేశమువారైనను సభ్యులుగా చేరవచ్చును. ఆపదలో రక్షించి తెచ్చుటకగు ఖర్చులకు భీమాయు సభ్యత్వములో చేరియుండును. కావున కొండల కేగదలచినవారు సభ్యులగుట మేలు. దుప్పట్లు కుటీరమువారే యిత్తురు గాని, పలుచని నూలుతోనో పట్టుతోనో కుట్టిన సంచి వంటి పక్కగుడ్డను ఎవరిది వారు తెచ్చుకొని దానిలో దూరి పడుకొనవలెను.

భోజనము సాయంకాలము ఆరు, ఆరున్నర గంటలకే పెట్టుదురు. వేడి చారు, ఒక ప్రధాన వంటకము, పిదప తీపి పదార్థము. రొట్టెముక్కలను ఉండలుగా చేసి వండిన 'క్నోడెల్', ముక్కలుగా చిదిపిన తీపి అట్టు 'కైజర్‌ష్మార్న్' ఆ ప్రాంతపు ప్రసిద్ధ వంటకములు. ఆ అట్టులో గ్రుడ్లుండును. ఉండలలో తఱచుగా పందిమాంసపు ముక్కలుండును. చారు మాంసపు రసముతో కాచినదై యుండవచ్చును. శాకాహారులు చోటు కుదుర్చుకొనునప్పుడే తమ సంగతి స్పష్టముగా చెప్పినచో వేఱు వంటకము ఏర్పాటు చేయుదురు. ఒకే బల్లచుట్టును అపరిచితులు కూర్చుండి భుజించుట అచ్చటి మర్యాద. జర్మను భాషలోను మనకు వలెనే 'నీవు', 'మీరు' అను భేదము కలదు. కాని ఎత్తు కొండలలో అందఱును ఒకరినొకరు 'నీవు' అనియే పిలుచుకొందురు. వైద్యుడైనను, బడి పిల్లవాడైనను అచ్చట బాటసారియే.

ఈ కుటీరముల నియమములు మొదట విన్నవారికి కొంచెము కటువుగా తోచును. రాత్రి పది గంటలకు దీపములార్పి నిశ్శబ్దముగా నుండవలెను. వేడి నీటి స్నానము కొన్నిచోట్ల లేనేలేదు; ఉన్నచోట రుసుము చెల్లించిన రెండు మూడు నిమిషములు నీరు వచ్చును. మన చెత్తను మనమే సంచిలో పెట్టుకొని దిగువకు తీసికొని పోవలెను. లోయలోని ధరకంటె చారు ధర ఎక్కువగా నుండును. ఒక్కొక్కదానికి గల కారణమును తెలిసికొన్నచో ఈ కాఠిన్యము మాయమగును. శిఖరముల కేగువారు తెల్లవారుజామున నాలుగు గంటలకే లేవవలెను. వారి నిద్ర చెడినచో మంచుమీద వారి అడుగు తప్పును. నీరు కరగు మంచునుండియో, చిన్న ఊటనుండియో వచ్చునది, అది పరిమితము. దుప్పట్లను దినదినము ఉతుకుటకు నీరును చాలదు, ఇంధనమును చాలదు. అందుకే పక్కగుడ్డ సంచి. బియ్యపు గింజ మొదలు వంటచెఱకు వరకు పూర్వము మనుష్యుల వీపులమీదను, కంచరగాడిదలమీదను పైకి చేరెడిది. నేడు సరకులు మోయు తీగమార్గములు కొన్నింటికి, హెలికాప్టరు కొన్నింటికి దిక్కు. మురుగునీటిని శుద్ధిచేయుట ఆ చలిలో మిక్కిలి కష్టము. మలినమును తినివేయు సూక్ష్మజీవులు చలికి మందగించును. కుటీరమునుండి జారిన మలినము దిగువ గ్రామముల త్రాగునీటిని చేరును గదా! కొన్ని కుటీరములు కొండవాగుమీద చిన్న జలవిద్యుద్యంత్రమును పెట్టుకొని తమ విద్యుత్తును తామే తయారు చేసికొనుచున్నవి.

ఇన్ని నియమములను అతిథి పాటించుటకు ప్రతిగా కుటీరము అతనికి ఒక్క మాట ఇచ్చుచున్నది: చీకటివేళ ఆపదలో వచ్చినవానిని వెలుపల నిలువనీయము. పడకలు నిండినచో భోజనశాల బల్లలపైనో, నేలమీదనో పరుపు వేయుదురు. ఇంకను వెలుగుండి, మఱియొక బసకు చేరగలవారినైనచో ముందునకు పంపవచ్చును. ప్రయాణము సాగింపలేనివారిని పంపరాదు. జబ్బుపడినవారికి, గాయపడినవారికి, రక్షణదళమువారికి అందఱికంటె ముందు చోటీయవలెను. కుటీరమునకు ప్రాణము ఈ మాటయే. తక్కిన సౌకర్యములన్నియు తరువాతివే.

ఈ మాట తప్పిన కాలమును ఒకటి కలదు. దానిని చెప్పక విడచుట న్యాయము కాదు. మొదటి ప్రపంచయుద్ధము పిదప ఈ సంఘపు శాఖలు అనేకము యూదులను సభ్యులుగా చేర్చుకొనరాదని తీర్మానించినవి. అట్లు త్రోసివేయబడినవారును, వారికి తోడుగా నిలిచిన ఇతరులును 1921లో వియన్నా నగరమున 'డోనావ్‌లాండ్' అను శాఖను స్థాపించుకొనిరి. 1924 డిసెంబరులో ఆ శాఖను సంఘము వెలివేసెను. యూదులును, డోనావ్‌లాండ్ సభ్యులును తమకు అక్కరలేదని కొన్ని కుటీరములకు పలకలు తగిలించిరి. హిట్లరు అధికారమునకు రాకముందే కొండలపై ఈ పని జరిగినదని గమనింపవలెను. వానకు, మంచుకు మతభేదము లేదు. తలుపు తీయువాడే భేదము కల్పించెను. కొంతకాలమునకు ఆ సంఘముల వారసులే తమ పాత పత్రములను పరిశోధింపజేసి, 1918 మొదలు 1945 వరకు గల ఈ చరిత్రను 2011లో గ్రంథరూపమున ప్రకటించిరి. చేసిన తప్పు దానివలన చెరిగిపోలేదు గాని, తలుపు ఎవరి కొఱకు కట్టబడినదో మరల గుర్తునకు వచ్చినది.

ఇక ఆపద కలిగినపుడు చేయవలసినదానిని ప్రతి బాటసారియు తెలిసికొని యుండవలెను. ఆస్ట్రియాలో పర్వత రక్షణదళమును పిలుచుటకు 140 అను టెలిఫోను సంఖ్య కలదు. ఐరోపా దేశములందంతటను 112 పనిచేయును. టెలిఫోను పనిచేయని చోట ఒక పాత పద్ధతి నేటికిని చెల్లుబాటులో నున్నది. ఒక నిమిషములో ఆఱుసార్లు, అనగా పది సెకండ్ల కొకసారి, ఈల వేయుటగాని, దీపము చూపుటగాని, గుడ్డ ఊపుటగాని చేయవలెను. తరువాత ఒక నిమిషము ఊరకుండవలెను. మరల మొదలుపెట్టవలెను. విన్నవారు నిమిషమునకు మూడుసార్లు సంకేతమిచ్చి 'మీ పిలుపు అందినది' అని తెలుపుదురు. 1894లో క్లింటన్ డెంట్ అను ఆంగ్లేయ పర్వతారోహకుడు ఈ పద్ధతిని సూచించెను. దీనికి ఏ యంత్రమును అక్కరలేదు. లెక్క గుర్తున్న చాలును.

ష్టూబాయ్ కుటీరములు సామాన్యముగా జూను నడిమినుండి సెప్టెంబరు చివరివరకు తెఱచియుండును. పిదప నిర్వాహకులు లోయలోనికి దిగిపోవుదురు. కాని అప్పుడును తలుపు పూర్తిగా మూయబడదు. పెక్కు కుటీరములలో చలికాలపు గది యని యొకటి యుండును. కొన్నిచోట్ల అది తాళము లేకయే యుండును. కొన్నిచోట్ల సంఘసభ్యుల వద్దనుండు తాళపుచెవితో తెఱచుకొనవచ్చును. లోపల పొయ్యి, కట్టెలు, కంబళ్లు, పరుపులు ఉండును. మనుష్యుడెవడును ఉండడు. వచ్చినవాడు పుస్తకములో పేరు వ్రాసి, రుసుమును డబ్బాలో వేసి లేక తరువాత పంపి, గది యూడ్చి, రాబోవువాని కొఱకు కట్టెలు చీల్చి పెట్టి పోవలెను.

నేడు ఈ కుటీరములకు క్రొత్త కష్టములు వచ్చుచున్నవి. వాతావరణము వేడెక్కుటచే ష్టూబాయ్ హిమానీనదములు ఏటేట వెనుకకు పోవుచున్నవి. మంచుతో గట్టిపడిన ఎత్తైన వాలులు కరగి, రాళ్లు రాలి, బాటలను మార్చవలసి వచ్చుచున్నది. కరగుటకు మంచు లేని చోట వేసవి చివర నీటికి కటకట యగుచున్నది. ఇట్టి సమయమున అతిథులు ఎక్కువ సౌకర్యములు కోరుకొలది కుటీరము బరువు పెరుగును. ఉన్నదానితో సరిపెట్టుకొనుకొలది అది నిలుచును. కావున ఆ కొండలకు పోవు మన యువకులు మంచి పాదరక్షలు, వానకోటు, కొంత నగదు, పక్కగుడ్డ సంచితోపాటు ఈ వివేకమును కూడ మూటలో కట్టుకొని పోవుదురుగాక. పోవునప్పుడు ఏ బసకు ఏ దినమున చేరుదురో ఇంటివారికి ఒక కాగితముమీద వ్రాసి యిచ్చి పోవుట మఱవరాదు. కుటీరములోని పెద్ద పుస్తకమువలె, ఇంటిలో ఆ చిన్న కాగితమును రక్షణకు పనికివచ్చునదే.